చేతిలో ఫోన్ లేకపోయినా: వాహనం నడిపేవారి ఒంటిమీది తెరలను చట్టం ఎలా కట్టడి చేయాలి

2013 అక్టోబరు చివర్లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్ డియాగో ప్రాంతంలో, హైవే గస్తీ పోలీసులు ఒక మహిళ కారును ఆపారు. గంటకు 65 మైళ్లు దాటకూడని చోట ఆమె అంతకు మించిన వేగంతో వెళ్తున్నారన్నది మొదటి అభియోగం. అధికారి దగ్గరికి వచ్చి చూస్తే ఆమె ముఖానికి గూగుల్ గ్లాస్ కనిపించింది. కుడి కంటికి కాస్త పైగా చిన్న తెర ఉండే ఆ కళ్లద్దాలు అప్పటికి దుకాణాల్లోకి రాలేదు. 1,500 డాలర్లు చెల్లించి ప్రయోగాత్మకంగా తీసుకున్న కొందరి దగ్గరే ఉండేవి. డ్రైవరుకు కనబడేలా వీడియో తెర నడవకూడదని చెప్పే ఆ రాష్ట్ర వాహన చట్టంలోని 27602వ సెక్షన్ కింద అధికారి ఆమెపై రెండో అభియోగం కూడా రాశారు. 2014 జనవరిలో ట్రాఫిక్ కోర్టు రెండింటినీ కొట్టేసింది. ఆ సెక్షన్ ఉద్దేశంలోకి గూగుల్ గ్లాస్ కూడా వస్తుందని న్యాయాధికారి అంటూనే, కారు నడుస్తున్నప్పుడు ఆ పరికరం ఆన్‌లో ఉందని సందేహానికి తావు లేకుండా రుజువు కాలేదు కాబట్టి శిక్షించలేనని తేల్చారు.

కేసు చిన్నదే గానీ, ఒంటిమీద ధరించే పరికరాలను డ్రైవింగ్‌లో నిషేధించాలన్న చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఈ తీర్పు దగ్గరికే వస్తుంది. చట్టం రాసినవారి ఊహకు అందని పరికరం ఎదురైనప్పుడు పాత మాటలను ఎంతవరకు సాగదీయవచ్చు, తప్పు పరికరాన్ని పెట్టుకోవడంలో ఉందా వాడటంలో ఉందా, వాడారని రోడ్డు పక్కన నిలబడిన కానిస్టేబుల్ ఎలా నిరూపిస్తారు అన్న ప్రశ్నలకు పదేళ్లు దాటినా సూటి సమాధానం రాలేదు. ఆ కేసుకు ముందే, 2013 మార్చిలో, వెస్ట్ వర్జీనియా శాసనసభలో తలకు ధరించే తెరలను డ్రైవింగ్‌లో నిషేధించే బిల్లు వచ్చింది. అదే ఏడాది బ్రిటన్ రవాణా శాఖ కూడా గూగుల్ గ్లాస్ ధరించి కారు నడపడాన్ని అనుమతించబోమని సంకేతం ఇచ్చింది. మరికొన్ని అమెరికన్ రాష్ట్రాల్లో బిల్లులు రాగా, వాటిని అడ్డుకోవడానికి గూగుల్ లాబీయింగ్ చేసిందని వార్తలు వచ్చాయి. 2015 జనవరిలో సాధారణ వినియోగదారులకు గ్లాస్ అమ్మకాలను ఆ సంస్థే ఆపేయడంతో బిల్లులు చాలావరకు అటకెక్కాయి. పరికరం పేరు మీద చట్టం చేయబోతే ఏమవుతుందో అప్పుడే తెలిసిపోయింది: చట్టం పూర్తయ్యేలోపు పరికరం పోయింది, అది లేవనెత్తిన సమస్య మాత్రం ఉండిపోయింది.

ఇప్పుడు ఆ సమస్య పదింతలై తిరిగి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో యాపిల్ విజన్ ప్రో అమ్మకాలు మొదలైన కొద్ది రోజులకే, కళ్లను పూర్తిగా కప్పేసే ఆ పరికరాన్ని తగిలించుకుని టెస్లా వాహనాలు నడుపుతున్నవారి వీడియోలు వ్యాపించాయి. కదులుతున్న వాహనాన్ని నడుపుతూ దీన్ని వాడవద్దని యాపిల్ సూచనల్లోనే రాసి ఉంది. అయినా ఆనాటి అమెరికా రవాణా మంత్రి పీట్ బుటిజెజ్ కలగజేసుకుని, నేడు అందుబాటులో ఉన్న ఏ డ్రైవర్ సహాయక వ్యవస్థ అయినా మనిషి అన్ని వేళలా పూర్తి శ్రద్ధతో ఉండాలని కోరేదేనని గుర్తు చేయాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరులో మెటా సంస్థ కుడి అద్దంలోనే తెర ఉండే కళ్లద్దాలను 799 డాలర్లకు ప్రకటించింది. తెర లేని, కెమెరా, స్పీకర్లు ఉన్న ఆ సంస్థ కళ్లద్దాలు 2025లోనే భారత మార్కెట్లోకీ వచ్చాయి. ఇక స్మార్ట్‌వాచ్ సంగతి చెప్పనక్కర్లేదు. రెండు వేల రూపాయల్లోపే దొరుకుతున్న ఆ గడియారం హైదరాబాద్, విజయవాడ, విశాఖ రోడ్ల మీద కళాశాల విద్యార్థి నుంచి డెలివరీ కుర్రాడి దాకా ఎందరి మణికట్టు మీదో ఉంది.

వాహనం నడిపేవారి ఏకాగ్రత మూడు దారుల్లో చెదురుతుందని రహదారి భద్రతా నిపుణులు చెబుతారు: చూపు రోడ్డు నుంచి తప్పుకోవచ్చు, చేయి స్టీరింగ్‌ను వదలవచ్చు, లేదా కన్నూ చేయీ ఉండాల్సిన చోటే ఉన్నా మనసు వేరేచోటికి పోవచ్చు. ప్రపంచమంతటా సెల్‌ఫోన్ చట్టాలు ఈ మూడింటిలో చేతినే పట్టుకున్నాయి. కారణం సులువుగా అర్థమయ్యేదే. చెవి దగ్గర ఫోన్ పెట్టుకున్న చేయి పోలీసు కంటికి కనబడుతుంది, కెమెరాకు చిక్కుతుంది. ధరించే పరికరాలు మాత్రం చేతిని విడిచిపెట్టి చూపునూ మనసునూ లాక్కుంటాయి. చట్టం కాపలా కాసే వాకిలి ఒకటి, ప్రమాదం లోపలికి వచ్చే వాకిలి మరొకటి.

స్మార్ట్‌వాచ్‌నే తీసుకుందాం. జేబులోని ఫోన్‌ను బయటికి తీయాలంటే మనిషి ఒక నిర్ణయం తీసుకోవాలి. గడియారం ఆ నిర్ణయానికి వ్యవధి ఇవ్వదు, నేరుగా చర్మాన్ని తట్టి పిలుస్తుంది. మణికట్టు తిప్పి చూసుకోవడం చిన్ననాటి నుంచి అలవాటైన కదలిక కాబట్టి, ఆలోచన కంటే ముందే చూపు అటు వెళ్లిపోతుంది. చిన్న తెర మీది సన్నటి అక్షరాలు చదవడానికి పెద్ద తెర కంటే ఎక్కువ సమయం పడుతుంది. బ్రిటన్‌లోని రవాణా పరిశోధన ప్రయోగశాల అధ్యయనం ఆధారంగా అక్కడి భద్రతా సంస్థలు ప్రచారంలో పెట్టిన అంకెల ప్రకారం, అకస్మాత్తుగా ఎదురైన పరిస్థితికి స్పందించడానికి, పక్కనున్నవారితో మాట్లాడుతున్న డ్రైవరుకు 0.9 సెకన్లు, చేతిలో ఫోన్ వాడుతున్నవారికి 1.85 సెకన్లు, గడియారంలో సందేశం చదువుతున్నవారికి 2.52 సెకన్లు పట్టింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. అంటే మొదటి డ్రైవరు స్పందించేలోపు బండి 15 మీటర్లు, రెండో డ్రైవరు బండి 31 మీటర్లు, మూడో డ్రైవరు బండి 42 మీటర్లు ముందుకు పోతుంది. ఇదంతా బ్రేకు మీద కాలు పడకముందే సాగిపోయే దూరం.

ఈ లెక్కలు కార్ల కోసం వేసినవి. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించేవి ద్విచక్ర వాహనాలు, వాటి మీద ఈ సమస్య రూపమే వేరు. సాధారణంగా గడియారం ఎడమ మణికట్టుకు ఉంటుంది. వచ్చిన సందేశాన్ని పక్కకు నెట్టాలన్నా, కాల్‌ను కట్ చేయాలన్నా కుడి చేత్తో ఆ తెరను తాకాలి. మోటారుసైకిల్ మీద కుడి చేయి యాక్సిలరేటర్‌నూ ముందు బ్రేకునూ పట్టుకుని ఉంటుంది. ఆ చేయి హ్యాండిల్ వదిలిన క్షణంలో బండికి వేగం మీద అదుపు తప్పుతుంది, ముందు బ్రేకు అందదు, ఎడమ చేయి కూడా మణికట్టు తిప్పి ఉంటుంది కాబట్టి క్లచ్ మీద పట్టు సరిగా ఉండదు. అదే సమయంలో తల కిందికి వంగి ఉంటుంది. కారులో ఇది ప్రమాదకరమైన పరధ్యానం. బైకు మీద మాత్రం బండి నిలకడే దెబ్బతింటుంది. గుంత, ఇసుక, పక్క సందులోంచి తోసుకొచ్చే ఆటో, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బండి ఏ క్షణంలోనైనా ఎదురయ్యే రోడ్డు మీద, ముందేం జరగబోతుందో నిరంతరం అంచనా వేసుకుంటూ నడపాల్సిన చోట, రెండున్నర సెకన్ల ఏమరుపాటుకు చెల్లించే మూల్యం వరుస తప్పని హైవే మీద కంటే చాలా ఎక్కువ.

కళ్లద్దాల విషయంలో వాదన ఇంకొంచెం సూక్ష్మంగా ఉంటుంది, అక్కడే చాలామంది తికమకపడతారు. తయారీదారులు చెప్పేది ఇది: ఫోన్‌ను చూడాలంటే తల దించాలి, కళ్లద్దాల తెరను చూడటానికి దించనక్కర్లేదు, రోడ్డు ఎప్పుడూ కంటి ముందే ఉంటుంది కాబట్టి ఇది ఫోన్ కంటే సురక్షితం. ఈ మాటలో కొంత నిజం ఉంది. 2014లో సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు యువ డ్రైవర్లను సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, కొందరి చేత ఫోన్‌లోనూ కొందరి చేత గూగుల్ గ్లాస్‌లోనూ సందేశాలకు జవాబులు ఇప్పించారు. ముందు కారు హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు గ్లాస్ వాడినవారు ఫోన్ వాడినవారి కంటే త్వరగా స్పందించలేదు. ఆ తర్వాత తేరుకుని మామూలు డ్రైవింగ్‌కు రావడంలో మాత్రం వారు కొంత మెరుగ్గా ఉన్నారు. ఏ పరికరమూ లేకుండా నడిపినవారితో పోలిస్తే రెండు పక్షాలూ వెనుకబడే ఉన్నాయి. అంటే తల ఎత్తి ఉండటం కొంత సాయం చేస్తుంది గానీ, అసలు ప్రమాద క్షణంలో ఆదుకోదు.

ఎందుకు ఆదుకోదో తెలుసుకోవాలంటే విమానయానం వైపు చూడాలి. కిటికీ ముందే అంకెలు కనబడేలా చేసే హెడ్ అప్ డిస్‌ప్లేలను విమానాల్లో పెట్టినప్పుడు నాసా పరిశోధకులు 1980లో సిమ్యులేటర్‌లో ఒక పరీక్ష చేశారు. అనుభవజ్ఞులైన పైలట్లు దిగబోతుండగా రన్‌వే మీదికి మరో విమానాన్ని అడ్డంగా తెచ్చారు. తెర మీది సంకేతాలను చూస్తూ దిగుతున్న పైలట్లలో కొందరికి ఎదురుగా, అదే చూపుకోణంలో ఉన్న ఆ విమానం కనబడనే లేదు. కంటికి ఆనడం వేరు, మనసుకు ఆనడం వేరు. చిత్తం శివుడి మీద, భక్తి చెప్పుల మీద అన్న సామెతలో మాదిరిగా, రోడ్డు వైపే తిరిగి ఉన్న కళ్ల వెనుక శ్రద్ధ అంతా అద్దంలో తేలుతున్న అక్షరాలకు చిక్కుకుపోతుంది. పైగా చూపు రోడ్డు మీదే ఉందన్న భరోసా డ్రైవరుకు ధైర్యాన్ని పెంచుతుంది. తల దించినవారికి తప్పు చేస్తున్నామన్న స్పృహ అయినా ఉంటుంది, కళ్లద్దాలు ఆ స్పృహను కూడా తీసేస్తాయి. నా దృష్టిలో వాటిలోని పెద్ద ప్రమాదం ఇదే.

చెవికి పెట్టుకునేవాటిని తెర లేదు కదా అని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. టొరంటో డ్రైవర్ల ఫోన్ రికార్డులను ప్రమాదాలతో సరిపోల్చి 1997లో వచ్చిన ప్రసిద్ధ అధ్యయనం, ఫోన్ మాట్లాడుతున్నప్పుడు ఢీకొనే అవకాశం దాదాపు 4 రెట్లు పెరుగుతుందని చెప్పింది. చేతులు ఖాళీగా ఉంచే పరికరాలు వాడినవారికి అదనపు రక్షణ ఏదీ కనబడలేదని కూడా చెప్పింది. ఉటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ బృందం 2003లో తేల్చిన విషయం ఇంకా కలవరపెడుతుంది: హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడుతున్న డ్రైవర్లు రోడ్డు పక్కన ఉన్న ప్రకటన బోర్డులను నేరుగా చూశారని కంటి కదలికలు చెప్పినా, తర్వాత అడిగితే ఆ బోర్డులను వారు సరిగా గుర్తుపట్టలేకపోయారు. 2015లో అదే పరిశోధకుడు అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ ఫౌండేషన్ కోసం చేసిన పరిశీలనలో, వాయిస్ ఆదేశం ఇవ్వడం ముగిశాక కూడా మనసు పూర్తిగా రోడ్డు మీదికి తిరిగి రావడానికి 27 సెకన్ల దాకా పట్టవచ్చని తేలింది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో 27 సెకన్లంటే 300 మీటర్లు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే కదా చూసుకున్నానన్న వాదన ఈ ఒక్క అంకెతో బలహీనపడుతుంది, ఎందుకంటే పచ్చ దీపం పడ్డాక దాటే కూడలి ఆ 27 సెకన్లలోనే ఉంటుంది. ఫ్రాన్స్ 2015 జూలై 1 నుంచి డ్రైవింగ్‌లో ఇయర్‌ఫోన్లను నిషేధించి 135 యూరోల జరిమానా పెట్టింది.

చట్టాల దగ్గరికి వస్తే, మాటల పొందికే కేసును నిలబెడుతుంది లేదా పడగొడుతుంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, గ్వెల్ఫ్ పట్టణంలో, ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న ఒక డ్రైవరు తన యాపిల్ వాచ్‌ను పదే పదే చూసుకుంటూ పోలీసుల కంటబడ్డారు. తాను సమయం మాత్రమే చూశానని, మణికట్టుకు కట్టుకున్నది చేత పట్టుకున్న పరికరం కాదని ఆమె వాదించారు. 2018లో న్యాయమూర్తి ఆ వాదనను తోసిపుచ్చారు. సందేశాలను పంపి, అందుకోగల ఆ గడియారం మణికట్టుకు టేపుతో అంటించిన ఫోన్ కంటే తక్కువగా దృష్టి మళ్లించేదేమీ కాదని, తేల్చాల్సింది ఏకాగ్రత చెదిరిందా లేదా అన్నదేనని చెప్పి 400 డాలర్ల జరిమానాను ఖాయం చేశారు. కాలిఫోర్నియా న్యాయాధికారికి రుజువు చాలలేదు. ఒంటారియోలో పోలీసు స్వయంగా చూసిన దృశ్యమే రుజువైంది. తేడా పరికరంలో లేదు, వాడకం బయటికి కనబడిందా లేదా అన్న దానిలో ఉంది. తెర అద్దం లోపలికి వెళ్లిపోయాక ఒంటారియో తరహా రుజువు కూడా దొరకదు.

బ్రిటన్ అనుభవం మరో పాఠం చెబుతుంది. అక్కడి పాత నిబంధన చేతిలోని ఫోన్‌తో పరస్పర సంభాషణ జరపడాన్ని తప్పుగా పేర్కొంది. ఒక డ్రైవరు ప్రమాద దృశ్యాన్ని ఫోన్‌తో వీడియో తీస్తూ దొరికితే, వీడియో తీయడం సంభాషణ కాదు కాబట్టి ఈ నిబంధన వర్తించదని 2019లో హైకోర్టు తేల్చింది. ప్రభుత్వం నిబంధనను తిరగరాసి, చేతిలో పట్టుకుని దాదాపు ఏ పని చేసినా తప్పే అని 2022 మార్చిలో అమల్లోకి తెచ్చింది. కాలిఫోర్నియాలోనూ ఇదే కథ నడిచింది. ఫోన్‌లో మ్యాప్ చూడటం మాట్లాడటం కాదని 2014లో అప్పీలు కోర్టు ఒకరిని వదిలేయగా, 2017 నుంచి చట్టం విస్తరించింది. 2025లో అప్పీలు కోర్టు ఫోన్ పట్టుకుని మ్యాప్ చూసినా తప్పేనని స్పష్టం చేసింది. ఉద్యోగాలు, చదువుల కోసం ఆ రాష్ట్రంలో ఉంటున్న వేలాది తెలుగు కుటుంబాలకు ఇది రోజూ పనికొచ్చే సమాచారం. ఒక్కో లొసుగు పూడ్చడానికి మూడేళ్లు పట్టిందని కూడా ఈ రెండు ఉదంతాలు చెబుతున్నాయి. పరికరాలు మాత్రం ఏడాదికోసారి మారిపోతున్నాయి.

మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్ ప్రమాదకర డ్రైవింగ్‌ను శిక్షిస్తుంది. 2019 సవరణ ఆ సెక్షన్‌కు ఒక వివరణను చేర్చి, ఎర్ర సిగ్నల్ దాటడం, రాంగ్ రూట్‌లో నడపడం వంటివాటితో పాటు చేత పట్టుకునే సమాచార పరికరాలను నడుపుతూ వాడటాన్ని కూడా ప్రమాదకర డ్రైవింగ్‌గా పేర్కొంది. తొలి తప్పుకు 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల సవరణ, అలాంటి పరికరాన్ని డ్రైవరు ఏకాగ్రత చెదరని విధంగా, దారి చూసుకోవడానికి మాత్రమే వాడుకోవచ్చని చెప్పింది. ఇక్కడ కూడా చట్టం పట్టుకున్నది చేతినే. మణికట్టుకున్న గడియారం, ముక్కు మీదున్న కళ్లద్దాలు చేత పట్టుకున్నవి అవుతాయా అన్నది ఈ మాటల నుంచి సూటిగా తేలదు. సమర్థుడైన, జాగ్రత్తపరుడైన డ్రైవరు నుంచి ఆశించే స్థాయికి చాలా దిగువన నడపడం కూడా ప్రమాదకర డ్రైవింగేనని అదే వివరణలో ఉన్న చివరి క్లాజును వాటికి వర్తింపజేయవచ్చు. కానీ దాని కింద నడిపిన తీరును రుజువు చేయాలి, పరికరం ఉందని చూపిస్తే చాలదు. ఫోన్ విషయంలోనే ఈ చిక్కు ఎదురైంది: ఫోన్ మాట్లాడుతూ నడిపినంత మాత్రాన, ప్రజలకు ప్రమాదం కలిగిందని చూపకుండా, కేరళ పోలీసు చట్టంలోని 118(ఇ) కింద కేసు నిలవదని 2018లో ఆ రాష్ట్ర హైకోర్టు చెప్పింది.

ప్రమాదాల లెక్కలు కూడా మనకు అంతగా సాయం చేయవు. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2021లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,53,972 మంది చనిపోగా, వాటిలో మొబైల్ ఫోన్ వాడకం కారణంగా నమోదైన మరణాలు 1,040. రోడ్డు మీద రోజూ మన కళ్లతో చూసేదానికి ఈ అంకె ఎంత దూరంగా ఉందో ఎవరికైనా అర్థమవుతుంది. ప్రమాదం జరిగాక రాసే ఎఫ్ఐఆర్‌లో అతివేగం అని రాయడం తేలిక, ఆ క్షణంలో డ్రైవరు మణికట్టు వైపు చూశాడని రాయాలంటే చూసినవాడు ఉండాలి. గడియారానికీ కళ్లద్దాలకూ నివేదికలో ప్రత్యేక గడి లేదు కాబట్టి అవి కారణమైన మరణాలు మరో శీర్షిక కింద కలిసిపోతాయి. లెక్కలో లేని ప్రమాదం మీద చట్టం చేయడానికి ఏ ప్రభుత్వమూ తొందరపడదు. చట్టం లేనిదాన్ని పోలీసులు లెక్కరాయరు. ఈ చుట్టును ఎక్కడో ఒకచోట తెంపాలి, నా అభిప్రాయంలో ప్రమాద నమోదు పత్రంలో ఒక గడి చేర్చడం అందుకు అతి తక్కువ ఖర్చుతో కూడిన మొదటి అడుగు.

మరి డ్రైవింగ్‌లో ఏ స్మార్ట్ పరికరమూ ధరించకూడదని ఒక్క వాక్యంలో తేల్చేయవచ్చు కదా అని అనిపించవచ్చు. కంటిని కప్పేసే హెడ్‌సెట్‌ల విషయంలో నిజంగానే ఆ ఒక్క వాక్యం చాలు, వాటిని పెట్టుకుని నడపడాన్ని సమర్థించే కారణం ఏదీ లేదు. మిగతా వాటి దగ్గరికి వచ్చేసరికి ఆ వాక్యం అమాయకులను కూడా చుట్టేస్తుంది. స్మార్ట్ కళ్లద్దాలకు పవర్ లెన్సులు బిగించుకోవచ్చు. దూరపు చూపు సరిగా లేని వ్యక్తికి అవే ఏకైక కళ్లద్దాలైతే, తీసేసి నడపమనడం రోడ్డుకు మరింత ప్రమాదం. మధుమేహం ఉన్నవారు చేతికి అంటించుకునే గ్లూకోజ్ సెన్సర్ చక్కెర పడిపోతున్నప్పుడు గడియారం ద్వారా కూడా హెచ్చరించగలదు. స్టీరింగ్ ముందు స్పృహ తప్పకుండా ఆ హెచ్చరిక ఎందరినో కాపాడుతుంది. వినికిడి యంత్రం పెట్టుకున్నవారిని ఇయర్‌బడ్ పెట్టుకున్నవారిగా పొరబడి చలానా రాస్తే అది అన్యాయం. ధరించడాన్ని నేరం చేస్తే ఇలాంటి మినహాయింపుల జాబితా పెరుగుతూ పోతుంది, ప్రతి మినహాయింపూ రోడ్డు పక్కన ఒక వాదులాటకు దారితీస్తుంది.

కాబట్టి నిషేధం పరికరం పేరు మీద కాక పని మీద ఉండాలి. వాహనం రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఉన్నంతసేపు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సహా, నడపడానికి సంబంధం లేని రాతను, బొమ్మను, వీడియోను డ్రైవరు కంటికి చూపించే ఏ తెరనైనా వాడటం, అది చేతిలో ఉన్నా, మణికట్టు మీద ఉన్నా, ముఖం మీద ఉన్నా, హెల్మెట్‌లో ఉన్నా, తప్పు అని చెప్పాలి. దారి చూపించే బాణాన్ని, వేగాన్ని, వైద్య హెచ్చరికను మినహాయించాలి. 184వ సెక్షన్ వివరణలో చేత పట్టుకునే అన్న విశేషణం పక్కన ధరించే అన్న మాటను చేర్చడం పార్లమెంటుకు పెద్ద పనేమీ కాదు. మన రోడ్ల మీద మామూలైపోయిన ఒక దృశ్యం కూడా దీనితో చట్టం పరిధిలోకి స్పష్టంగా వస్తుంది: చెవికీ హెల్మెట్‌కూ మధ్య ఫోన్ ఇరికించుకుని, రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి మాట్లాడుతూ వెళ్లే బైకిస్టు చేత పట్టుకోలేదు కాబట్టి తప్పు చేయలేదని ఇవాళ వాదించవచ్చు, ఆ వాదనకు అవకాశం పోతుంది.

రుజువు మాత్రం ఇంకా మిగిలే ఉంటుంది, దాన్ని దాటేసి మాట్లాడటం నిజాయితీ కాదు. పరికరంలో ఏ క్షణంలో ఏ సందేశం తెర మీదికి వచ్చిందో సాధారణంగా నమోదవుతుంది, కానీ ప్రతి తనిఖీలో పోలీసు ఆ రికార్డు అడిగితే అది మనిషి ఆంతరంగిక జీవితంలోకి చొరబడటమే. ప్రాణాలు పోయిన, తీవ్ర గాయాలైన ప్రమాదాల్లో మాత్రమే, కోర్టు ఉత్తర్వు మీద, ఆ కొద్ది నిమిషాలకు పరిమితమైన రికార్డు తీసుకునే వీలు ఉంటే చాలు. రోజువారీ తనిఖీల్లో పోలీసు కంటికి కనబడిన వాడకాన్నే శిక్షించగలం, అద్దం లోపలి తెర చాలావరకు తప్పించుకుంటుంది. ఈ ఖాళీని పోలీసుతో పూడ్చలేం. తయారీదారుతో పూడ్చవచ్చు.

ఆ పని సాధ్యమేనని ఇప్పటికే తెలిసిపోయింది. వాహనం కదలికను పసిగట్టి నోటిఫికేషన్లను ఆపేసే సదుపాయాన్ని యాపిల్ 2017లోనే ఐఫోన్‌లో పెట్టింది, వినియోగదారుడు ఆన్ చేసుకుంటే పనిచేసేలా. అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ కార్లలో బిగించే తెరల కోసం 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోడ్డు నుంచి ఒక్కో చూపు సగటున 2 సెకన్లకు, ఒక పని మొత్తం మీద 12 సెకన్లకు మించకూడదని కొలత పెట్టింది. బయటి నుంచి తెచ్చే పరికరాలకు డ్రైవర్ మోడ్ ఉండాలని 2016లో ప్రతిపాదించింది. అమెజాన్ తన డెలివరీ డ్రైవర్ల కోసం 2025లో ప్రకటించిన స్మార్ట్ కళ్లద్దాలు వాహనం నిలిపాకే తెర వెలిగేలా రూపొందించినవి. బండి కదులుతుంటే తెర వెలగకపోవడం అన్నది ఒక సంస్థ తన ఉద్యోగుల కోసం చేయగలిగినప్పుడు, మన దేశంలో అమ్మే ప్రతి గడియారానికీ ప్రతి కళ్లద్దానికీ అది తప్పనిసరి అనడంలో అత్యాశ లేదు. ప్రయాణికులుగా కూర్చున్నవారికి కూడా తెర ఆగిపోతుందన్న అభ్యంతరం వస్తుంది, నేను ప్రయాణికుడినని ఒక మీట నొక్కే వీలు ఇస్తే సరిపోతుంది. అబద్ధం చెప్పి నొక్కినవారు తెలిసి చేసినట్టవుతుంది, కోర్టులో ఆ నొక్కే రుజువుగా నిలుస్తుంది.

చివరిగా, అందరికంటే తక్కువగా చర్చకు వచ్చేది యాజమాన్యాల బాధ్యత. హైదరాబాద్‌లో ఆహారం, సరుకులు చేరవేసే కుర్రాళ్లకు ఆర్డరు పిలుపు బండి మీద ఉండగానే వస్తుంది, కొన్ని సెకన్లలో ఒప్పుకోకపోతే అది మరొకరికి పోతుంది, ఆదాయం తగ్గుతుంది. ఫోన్ తీస్తే జరిమానా పడుతుందని గడియారానికీ ఇయర్‌బడ్‌కూ మారినవారిని ఆ జరిమానాతోనే మళ్లీ కొడితే వారి రోజుకూలి తగ్గుతుంది గానీ పిలుపు ఆగదు. జీపీఎస్ ప్రకారం కదులుతున్న రైడరుకు ఆర్డరు పంపకూడదని, బండి ఆగాక ఒప్పుకోవడానికి తగిన వ్యవధి ఇవ్వాలని చట్టంలో రాసి, ఉల్లంఘనకు యాప్ నడిపే సంస్థను బాధ్యురాలిని చేయాలి. రైడరు ఎక్కడ ఉన్నాడో, ఎంత వేగంతో వెళ్తున్నాడో ఆ సంస్థల సర్వర్లకు ప్రతి క్షణం తెలుస్తూనే ఉంటుంది. కాలిఫోర్నియా కోర్టులో దొరకని రుజువు ఇక్కడ మొదటి నుంచే వారి దగ్గర భద్రంగా ఉంది.